ఫోన్‌కి నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌కి రావట్లేదు

ప్రశ్న: నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. మా అన్నయ్య బీటెక్ చదివేటప్పుడు 2014లో కొన్న ల్యాప్‌టాప్‌లోనే క్లాసులు వింటాను. అందులో విండోస్ 10 ఉంది. పోయిన నెల నెట్ కంపెనీవాళ్లు పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టారు. ఇంట్లో ఫోన్లన్నింటికీ నెట్ బాగానే వస్తోంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం మా వైఫై పేరే కనిపించడం లేదు. పక్కింటివాళ్లవి, ఎదురింటివాళ్లవి కనిపిస్తున్నాయి. కంపెనీకి ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ పాతదైపోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. ఇప్పుడు కొనే పరిస్థితి లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: కొనకండమ్మా. మీ ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు బాగానే ఉంది. పక్కింటి పేర్లు కనిపిస్తున్నాయంటే అది పని చేస్తున్నట్టే కదా. ఫోన్లకు నెట్ వస్తోంది కాబట్టి లైన్‌లోనూ లోపం లేదు. సరిచేయాల్సింది కొత్త రౌటర్‌లోని సెట్టింగ్. నా దగ్గరికి ఇదే ఫిర్యాదుతో వచ్చే ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి రిపేరే అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క ఫోన్‌లో చెప్పకుండా కొత్తది కొనుక్కోమనడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ముందు ఈ రాత్రి క్లాసు పోకుండా చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని వైఫైకి కనెక్ట్ చేసి, మొబైల్ డేటా ఆపేయండి. చార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్‌కి వచ్చే వైఫై నెట్టే కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి వస్తుంది. మీ డేటా ప్యాక్ ఖర్చు కాదు. కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకమైతే టెథరింగ్ బటన్ ఆన్ కాదు, అప్పుడు ఫోన్‌తో వచ్చిన కేబుల్ వాడండి.

ఇక అసలు సంగతి. ఇళ్లలో ఇప్పుడు పెడుతున్న రౌటర్లు చాలావరకు రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 5లో స్పీడ్ ఎక్కువ, కానీ గోడ దాటితే త్వరగా తగ్గిపోతుంది. 2.4 నెమ్మది, కానీ దూరం వెళుతుంది. 2014 ప్రాంతంలో మామూలు ధరకు అమ్మిన ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి 2.4 ఒక్కటే అందుతుంది. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు 5 ఒక్కటే ఆన్ చేసి వెళ్లిపోతే ఫోన్లు హాయిగా పని చేస్తాయి, మీ ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ రౌటర్ ఉన్నట్టే తెలియదు.

వైఫైకి కనెక్ట్ అయి ఉన్న ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ కొట్టండి. సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చాలా రౌటర్లకు అదే స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల వైర్‌లెస్ లేదా డబ్ల్యూలాన్ అన్నచోట 2.4 గిగాహెర్ట్జ్ పేజీకి వెళ్లండి. ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, దానికి వేరే పేరు పెట్టండి. ఇప్పుడున్న పేరు చివర 24 అని చేర్చినా చాలు, రెండూ కలిసిపోకుండా ఉంటాయి.

2.4 ముందే ఆన్‌లో ఉంటే అదే పేజీలో చానల్ చూడండి. మన దేశంలో 1 నుంచి 13 వరకు చానళ్లు వాడొచ్చు. అమెరికాలో మామూలుగా 11తోనే ఆపేస్తారు, అక్కడి లెక్కకు సెట్ చేసిన కార్డులున్న ల్యాప్‌టాప్‌లకు 12, 13 కనిపించవు. చానల్ ఆటోలో ఉన్న రౌటర్ తనంతట తాను 13 ఎంచుకుంటే మీ పేరు ఒక్కటే మాయమవుతుంది. ఒకరోజు కనిపించి మర్నాడు కనిపించకపోతే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. ఆటో తీసేసి 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి.

అక్కడే సెక్యూరిటీ అని ఉంటుంది. డబ్ల్యూపీఏ3 (WPA3) అనే కొత్త భద్రతా పద్ధతి ఒక్కటే పెట్టి ఉంటే పాత ల్యాప్‌టాప్‌కి పేరు కనిపించినా పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాదు. ఆ పద్ధతి 2018లో వచ్చింది, మీ ల్యాప్‌టాప్ అంతకన్నా పాతది. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని పెట్టండి. అసలు పాస్‌వర్డే లేకుండా మాత్రం ఎప్పుడూ ఉంచకండి. సేవ్ కొట్టగానే ఫోన్‌లో కూడా వైఫై ఒకసారి పోతుంది. టెన్షన్ పడకండి, నిమిషం రెండు నిమిషాల్లో వస్తుంది.

రౌటర్‌లో లాగిన్ కాలేకపోతే కంపెనీకి మళ్లీ ఫోన్ చేసి, "2.4 గిగాహెర్ట్జ్ ఆన్ చేయండి, చానల్ 6లో పెట్టండి" అని ఈ మాటలతోనే అడగండి. చాలా కంపెనీలు ఆఫీసులో కూర్చునే ఈ పని చేయగలవు. ఆలోగా లాన్ కేబుల్ తగిలించుకోవచ్చు, ఆ కాలం ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి పక్కన ఆ సాకెట్ ఉండేది. ఎంతకీ కుదరకపోతే డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి. చిన్న పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, 5 కూడా అందుకుంటుంది.

విండోస్ పాతదవడం వల్లే ఇలా అయిందని ఎవరైనా అంటే నమ్మకండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిన మాట నిజమే. దానివల్ల వైఫై పేరు కనిపించకుండా పోదు.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. వీడియో కాల్ కోసం ఆయన పాత ఆఫీసు ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లారు. ఇంటి వైఫైకి కనెక్ట్ అవుతుంది, కింద "నో ఇంటర్నెట్" అని వస్తుంది. పిల్లలు రోజూ నాన్నతో మాట్లాడాలని ఎదురుచూస్తున్నారు.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఆఫీసు ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి అక్కడి సెట్టింగ్స్ ఇంకా అందులో మిగిలి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, తర్వాత వైఫై, అందులో మీ వైఫై పేరు తెరవండి. ఐపీ అసైన్‌మెంట్ దగ్గర మాన్యువల్ అని ఉంటే ఆటోమేటిక్ చేయండి. మళ్లీ నెట్‌వర్క్‌లోకి వచ్చి ప్రాక్సీ తెరిచి, మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.

ఇవి సరిగ్గానే ఉంటే ఇందాకటి మీ వైఫై పేరు పేజీలోనే ఐపీవీ4 అడ్రస్ చదవండి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నంబర్ రాలేదని అర్థం. వైఫై పేరు మీద ఫర్గెట్ కొట్టి, రౌటర్‌ని ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేశాక పాస్‌వర్డ్‌తో కొత్తగా కనెక్ట్ చేయండి. కింద మూలన తేదీ కూడా చూడండి. ఎన్నాళ్లో మూలన పెట్టిన ల్యాప్‌టాప్‌లో తేదీ వెనక్కి పోతే కనెక్షన్ ఉన్నా చాలా సైట్లు తెరుచుకోవు.

ప్రశ్న: నెట్ నెమ్మదిగా ఉందని రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కాం. ఇప్పుడు ఎవరికీ నెట్ లేదు. లైన్‌మ్యాన్ ఎత్తడం లేదు.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఆ రంధ్రం రీస్టార్ట్‌కి కాదు. అది నొక్కితే రౌటర్‌లో రాసి పెట్టిన నెట్ కనెక్షన్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. ఇవి వైఫై పాస్‌వర్డ్ కాదు, కంపెనీ మీకు ఇచ్చిన కనెక్షన్‌వి. కనెక్షన్ తీసుకున్నప్పుడు వచ్చిన మెసేజ్‌లో గానీ, కంపెనీ యాప్‌లో గానీ, బిల్లు మీద గానీ యూజర్ ఐడీ దొరుకుతుంది. పాస్‌వర్డ్ కస్టమర్ కేర్ వాళ్లను అడగండి. రౌటర్ పేజీలో వ్యాన్ (WAN) అన్నచోట పీపీపీఓఈ (PPPoE) ఎంచుకుని ఆ రెండూ కొట్టాలి. కొన్ని కనెక్షన్లకు వీలాన్ (VLAN) నంబర్ కూడా కావాలి, అదే కాల్‌లో అడిగి రాసుకోండి.

సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ (LOS) లైటు ఎర్రగా వెలుగుతుంటే మాత్రం సెట్టింగ్స్ జోలికి పోకండి. ఫైబర్ తెగిందో వంగిపోయిందో అయి ఉంటుంది, లైన్‌మ్యాన్ రావాల్సిందే. ఆ సన్నటి కేబుల్ కొసను పీకి లోపలికి కంటితో చూడొద్దు, అందులో వచ్చే కాంతి కనిపించదు కానీ కంటికి మంచిది కాదు. పిల్లలకు కూడా చెప్పండి.