డెంగీ ఒకసారి వస్తే మళ్లీ రాదా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. రెండేళ్ల క్రితం డెంగీ వచ్చి తగ్గింది. మూడు రోజులుగా మళ్లీ జ్వరం. ఎన్‌ఎస్‌1 పాజిటివ్ వచ్చింది, ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. ఒకసారి వస్తే మళ్లీ రాదని కొందరు, రెండోసారి వస్తే ప్రమాదమని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?
- ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: రెండింటిలోనూ కొంత నిజం ఉందమ్మా. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. వచ్చి తగ్గిన రకం నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి ఆ రక్షణ కొన్ని నెలలే.

కారణం వైరస్ పైపొరలో ఉంది. ఈ వైరస్ వ్యాసం సుమారు 50 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు. లోపల దాని జన్యు సమాచారాన్ని మోసే ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. అది తయారుచేయించేది పదే ప్రోటీన్లు: మూడు వైరస్ ఒంటిని కడతాయి, ఏడు మన కణంలో దాని పనులు చక్కబెడతాయి. పైన ఎన్వలప్ ప్రోటీన్ 180 ప్రతులుగా, జంటలు జంటలుగా పరుచుకుని ఉంటుంది. వైరస్ కణాన్ని పట్టుకునేది దీనితోనే, మన యాంటీబాడీలు ఎక్కువగా గురిపెట్టేదీ దీన్నే. నాలుగు రకాల్లో ఇది ఒకేలా ఉండదు. అందువల్ల పాత యాంటీబాడీలు కొత్త రకానికి అంటుకుంటాయి గానీ దాన్ని అణచలేకపోవచ్చు. యాంటీబాడీ అంటినదాన్ని మింగడం కొన్ని తెల్లరక్తకణాల పని. అలా మింగిన కణంలోనే వైరస్ కాపురం పెట్టి పెరుగుతుంది. రెండోసారి తీవ్రత పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. అయితే అందరికీ ఇలా జరగదు. రెండోసారి వచ్చినవారిలోనూ ఎక్కువమంది కోలుకుంటారు.

మీ రిపోర్టులోని ఎన్‌ఎస్‌1, కణంలో వైరస్ పనులు చక్కబెట్టే ఆ ఏడు ప్రోటీన్లలో ఒకటి. సోకిన కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి కాబట్టి జ్వరం మొదటి రోజుల్లోనే దొరుకుతుంది. ఇది ఏ రకం డెంగీయో మాత్రం చెప్పదు. రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీయడంలోనూ దీనికి పాత్ర ఉంది.

మన ఊళ్లో డెంగీ అనగానే ప్లేట్‌లెట్ల లెక్కే. అసలు భయపడవలసింది రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోవడం గురించి. ద్రవం కారిపోతే రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది. అందుకే దాన్ని కూడా రోజూ చూడాలి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే, అంటే సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య, ఈ ముప్పు ఎక్కువ. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఆయాసం, మగత, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు. ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు తరచూ ఇవ్వండి. బొప్పాయి ఆకు రసం తాగించి పరీక్షలు మానేయకండి.

దోమలు అనగానే మీ వైపు అందరూ బుడమేరు వాగు మురుగునే తిడతారు. డెంగీ దోమ మాత్రం ఎక్కువగా కూలర్‌లో, డ్రమ్ములో నిలిచిన మంచినీళ్లలో పెరుగుతుంది, పగలు కుడుతుంది. ఇప్పుడు మీ అబ్బాయి రక్తంలో వైరస్ ఉంది. అతణ్ని కుట్టిన దోమ కొన్నాళ్లకు ఇంట్లో మరొకరికి అంటించగలదు. అందుకే పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి.