బోర్డు మీద కనెక్టర్ ఊడిపోకుండా ఎలా బిగించాలి?

కళింగపట్నం వైపు రొయ్యల చెరువు దగ్గర పెట్టిన ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) కంట్రోల్ బోర్డులో వైరు లాగినప్పుడల్లా కనెక్టర్ ఊడొస్తోందని అడిగారు. బహుశా అది సర్ఫేస్ మౌంట్ రకం, అంటే రంధ్రం లేకుండా బోర్డు పైనే అతికించేది. దాన్ని పట్టి ఉంచేది పల్చని రాగి ప్యాడ్, కాస్త సోల్డర్, అంతే. గట్టిగా లాగితే ప్యాడ్‌తో సహా లేచిపోతుంది. తరచూ పెట్టి తీసే చోట త్రూ హోల్ రకమే మేలు. పిన్ను బోర్డు దాటి అవతల సోల్డర్ అవుతుంది కాబట్టి లాగుడంతా ప్యాడ్ మీద పడదు.

రంధ్రం కొలత చూసుకోండి. మామూలు హెడర్ (వరుసగా పిన్నులుండే కనెక్టర్) పిన్ను చదరంగా 0.64 మి.మీ. ఉంటుంది, మూల నుంచి మూలకు 0.9. అందుకే దాదాపు 1 మి.మీ. రంధ్రం పెడతారు.

ముందు ఒక్క పిన్నే సోల్డర్ చేసి, కనెక్టర్ బోర్డుకు ఆనిందో లేదో చూడండి. వంకరగా ఉంటే అప్పుడే కరిగించి సరిచేయొచ్చు. అన్నీ అతికించాక తీయాలంటే పెద్ద తలనొప్పి.

ఇక మీ దగ్గర ఉప్పుగాలి. సోల్డర్ వైపు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డుకు వేసే పల్చని పూత) పూయండి, కనెక్టర్ నోట్లోకి మాత్రం పోనివ్వకండి, కాంటాక్ట్ ఇవ్వదు. వైరును బోర్డు ఉన్న డబ్బాకే క్లాంపుతో బిగిస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. డబ్బా తెరిచే ముందు మెయిన్ ఆపండి.