ఎక్కుడులో ఆగే వైపర్

చిరంజీవికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది ఇష్టం కొద్దీ కాదు, కోపం కొద్దీ.

మీ తాతయ్య రాత్రివేళ, వానలో, బరంపురం నుంచి డాక్టర్ని కారెక్కించుకుని మోహనా బయలుదేరాడు. అక్కడ చెల్లెలికి పురుడు కష్టమైంది. ఇంతవరకు బాగుంది. తర్వాత "తప్తపాణి ఘాటీ ఎక్కుతుంటే వైపర్ జోరందుకుంది, తాతయ్య గుండెలాగే" అని రాశావు. తిరిగొచ్చేటప్పుడు దిగుడులో అదే వైపర్ ఆగిపోయిందన్నావు. దిగపహండి షెడ్డులో మేస్త్రీ ఫ్యూజు మార్చగానే మళ్ళీ ఆడిందన్నావు.

నాయనా, నువ్వు రాసింది 1948 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్ గురించి. దాని వైపర్‌కి కరెంటే లేదు, ఇంక ఫ్యూజెక్కడిది?

అది ఇంజన్ పీల్పుతో ఆడే వైపర్. ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం, అదే ఇంటేక్ మానిఫోల్డ్, దాన్నుంచి సన్నటి రబ్బరు పైపొకటి అద్దం కింద ఉన్న చిన్న డబ్బాకి వస్తుంది. ఆ డబ్బాలో తలుపు రెక్కలాంటిది ఒకటి ఉంటుంది. ఇంజన్ ఒక పక్క గాలి లాగితే రెక్క అటు వాలుతుంది. చివరికి పోగానే బుల్లి వాల్వు తిరగబడి పీల్పును రెండో పక్కకి మారుస్తుంది, రెక్క ఇటొస్తుంది. అంతే దాని కథ. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే పీల్పు ఎక్కువ. ఇంజన్ ఖాళీగా తిరుగుతుంటే పీల్పు కొలిచే గేజి మీద పాదరసం లెక్కన 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. కాలు గట్టిగా నొక్కావా, గాలి బారుగా లోపలికి వచ్చేస్తుంది, పీల్పు పడిపోతుంది. వైపర్ నీరసంగా సగం దాకా వెళ్ళి అద్దం మధ్యలో నిలబడిపోతుంది. అంటే ఎక్కుడులో ఆగాలి, దిగుడులో టపటపా కొట్టాలి. నువ్వు సరిగ్గా తిరగేసి రాశావు.

తప్పు రాశావని కాదు నా కోపం. నీ చేతిలో ఉన్న కథని నువ్వే పారేశావని. డాక్టర్ పక్కనే ఉన్నాడు, మోహనాలో మనిషి ప్రాణం మీదికొచ్చింది, తాతయ్య కాలు నొక్కుతున్నాడు. నొక్కినకొద్దీ అద్దం కనపడదు. కనపడాలంటే కాలు తీయాలి, తీస్తే ఘాటీలో బండి ఆగిపోతుంది. ఇంతకన్నా ఏం కావాలయ్యా నీకు? దాన్ని వదిలేసి గుండెతో పోల్చడమెందుకు?

నేను ముప్పై ఏళ్ళుగా కనపడ్డవాడికల్లా ఒకటే చెప్తున్నాను: కథలో వస్తువు దాని కారణానికి అది చెడాలి, నీ అవసరానికి కాదు. ఏడుపు సీను కావాలని వైపర్‌ని ఆపకు. వైపర్ ఎందుకు ఆగుతుందో తెలుసుకో, ఏ సీను రావాలో అది వస్తుంది. ఇప్పుడు పత్రికల్లో ఏ కథ చూసినా కిటికీ కిటికీ కాదు, గొడుగు గొడుగు కాదు, అన్నీ ప్రతీకలే. వానొస్తే ఒక్క గొడుగూ పనిచెయ్యదు.

నాకు పదిహేడేళ్ళప్పుడు మా మేనమామ షెడ్డులో ఇలాంటి వైపర్ మోటారే, ఆ చిన్న డబ్బానే, విప్పాం. మేస్త్రీ దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టి, "పీల్చు" అన్నాడు. పైపు తగిలించే ముక్కుకి నోరు పెట్టి లాగాను. ఇరుసు ఇంత కదిలి ఊరుకుంది. నోట్లోకి పాత గ్రీజు, పెట్రోలు వాసన. రెండు రోజులు అన్నం సయించలేదు. లోపల రెక్క అంచుకున్న తోలు అప్పడంలా ఎండిపోయి ఉంది. మేస్త్రీ దానికి ఆముదం రాసి రాత్రంతా వదిలేశాడు. వాల్వు దగ్గర గడ్డకట్టిన జిడ్డుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. పైపు వంపులో వెంట్రుకంత పగులుంటే మొత్తం పైపే మార్చాడు. ఆ పగుల్లోంచి గాలి దొంగతనంగా ఇంజన్లోకి పోతోంది, అందుకే బండి నిలబడ్డప్పుడు కూడా వణికేది. పొద్దున మళ్ళీ పీల్చమన్నాడు. ఈసారి ఇరుసు ఠక్కున తిరిగి నా ముక్కుకి కొట్టింది.

దాన్నే ఘాటీలో వానకి చిక్కిన ఒక డ్రైవరు కథగా రాశాను. ఒక ఆదివారం అనుబంధం ఎడిటర్‌గారు అచ్చేశారు. పైపు పగులు గురించిన అరపేజీ ఎత్తేశారు, "కథకు అనవసరం" అట. ఘాటీని కనుమ చేశారు, మోటారుని యంత్రం చేశారు. మీ బరంపురం తెలుగులో ఒడియా వాసనొస్తుందని కార్డు కూడా రాశారు. 1936లో గంజాం ఒడిశాలో కలిసింది నా వల్లే అన్నట్టు! అచ్చులో చూస్తే నా డ్రైవరు ఏ కారణమూ లేకుండా వానలో బండాపి నిలబడ్డ వెర్రివాడు. ఆ కార్డు ఇప్పటికీ ఉంది నా దగ్గర.

అన్నట్టు, నీ కథలో "తుడుపు దండాలు" అంటే ఏమిటి? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో కూర్చుని రాసే మాటేనా అది? వైపర్ అను.

నీ కథలో ఒక వాక్యం ఉంది. తాతయ్య బండి దిగి పంచె చెంగుతో అద్దం తుడిచి, తడిచెంగు పిండి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. అక్కడ చదవడం ఆపి లేచి నాలుగడుగులు వేశాను. దాన్ని దిగుడులోంచి తీసి ఎక్కుడులో పెట్టు. ఎన్నిసార్లు దిగాడో కూడా రాయి.

పోటీకి పంపనా, కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. అవి తర్వాత.

మా షెడ్డు అటక మీద ఆ మోటారు ఇంకా ఉంది. పైపు లేదు, తోలు మళ్ళీ ఎండిపోయి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే బయలుదేరి రా. పాత చొక్కా వేసుకో, ఆముదం నేను తెచ్చి ఉంచుతాను.

ఆశీస్సులతో.