కంట్లో పువ్వు వేసిన గేదెకు ఏ ట్యూబు వెయ్యాలి?

ప్రశ్న: మాకు రెండు ముర్రా గేదెలు, ఏడాది వయసున్న పెయ్య ఒకటి ఉన్నాయి. మినుము నూర్పిడి అయిన నాలుగో రోజు నుంచి పెద్ద గేదెకు ఎడమ కంట్లో నీరు కారడం మొదలైంది. తర్వాత పుసులు కట్టి రెప్పలు అంటుకుపోయాయి. ఇప్పుడు నల్లగుడ్డు మధ్యలో జొన్నగింజంత తెల్లటి మచ్చ, దాని చుట్టూ పొగ కమ్మినట్టు నీలం కనబడుతోంది. నిన్నటి నుంచి పెయ్య కన్నూ నీరు కారుతోంది. పోయినేడు మా పాపకు కళ్ళకలక వచ్చినప్పుడు కొన్న ఆయింట్‌మెంట్ ఇంట్లో ఉంటే గేదెకు మూడు రోజులు వేశాం. ట్యూబు మీద క్లోరాంఫెనికాల్, డెక్సామెథాసోన్ అని ఉంది. ఎరుపు తగ్గింది గానీ మచ్చ పెద్దదైంది. పొగాకు రసం ఊస్తే పోతుందని మా నాన్నగారు అంటున్నారు. ఏం చెయ్యాలి? పాలు కేంద్రానికి పోయవచ్చా?

– ఒక పాడిరైతు, తెనాలి మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ ట్యూబు ఆపేయండి. ఈ పూట నుంచే. మిగతా సంగతులు తర్వాత చదువుకోవచ్చు.

ట్యూబు మీద ఉన్న పేర్లు చదివి రాశారు కాబట్టి నాకు పని తేలికైంది. చాలామంది 'తెల్ల ట్యూబు', 'పచ్చ మూత ట్యూబు' అని రాస్తారు. అందులో ఏముందో తెలియక చెప్పాల్సిన సలహా సగంలోనే ఆగిపోతుంది. మీరు రాసిన రెండు పేర్లలో ఒక్కొక్కదానితో ఒక్కో ప్రమాదం ఉంది.

డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. వాపునూ ఎరుపునూ చప్పున అణచేస్తుంది. మీకు ఎరుపు తగ్గినట్టు కనిపించింది అందుకే. కానీ గేదె నల్లగుడ్డు మీద మీరు చూస్తున్న తెల్లమచ్చ ఉత్త పొర కాదు, చాలావరకు అది పుండు. దాన్ని మాన్పడానికి ఒంట్లోంచి వచ్చే రక్షణ కణాలనూ కొత్తగా మొలిచే రక్తనాళాలనూ స్టెరాయిడ్ వెనక్కి నెడుతుంది. పైకి కన్ను తేటపడినట్టే ఉంటుంది, లోపల పుండు లోతు పెరుగుతుంది. మచ్చ పెద్దదవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. ఇంకొన్నాళ్ళు వేస్తే నల్లగుడ్డు చిల్లిపడే ప్రమాదం ఉంది. పుండు లేదని డాక్టరు తేల్చుకున్నాకే కంట్లో స్టెరాయిడ్ వెయ్యాలి. అందుకోసం ఫ్లోరెసిన్ అనే నారింజరంగు పట్టీని తడిపి కంటికి తాకిస్తారు. పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పరీక్ష, అడిగి చేయించుకోండి.

రెండోది క్లోరాంఫెనికాల్. ఇది కొందరు మనుషుల్లో ఎముక మజ్జను దెబ్బతీసి రక్తం ఊరకుండా చేస్తుంది. ఇంత మోతాదు దాకా ఫరవాలేదు అని గీత గీయడానికి వీల్లేని మందు. అందుకే పాలు, మాంసం, గుడ్లు ఇచ్చే జీవాలకు దీన్ని వాడేందుకు తయారు చెయ్యడం, అమ్మడం మన ప్రభుత్వం 2025లో నిషేధించింది. కంట్లోనే కదా వేశాం అనుకోవద్దు. కంట్లో వేసింది కన్నీటి కాలువ గుండా ముక్కులోకి, అక్కడి నుంచి ఒంట్లోకి చేరుతుంది. పాపకు డాక్టరు రాసిన మందే అయినా గేదెకు వెయ్యకూడదు. పాలగేదె మన ఇంటిదే అయినా దాని పాలు తాగేవాళ్ళు పది ఇళ్ళ వాళ్ళు.

కాబట్టి పాల గురించి మీరడిగిన దానికి జవాబు: పోయకండి. ఇంట్లోనూ తాగకండి. నిషేధించిన మందు కనుక ఇన్ని పూటలు ఆగితే చాలు అన్న లెక్క ట్యూబు మీద దొరకదు. ఏ మందు, ఎన్నిసార్లు వేశారో మీ పశువైద్యుడికి దాచకుండా చెప్పి, ఆయన సరేననే దాకా ఆ గేదె పాలు విడిగా పిండి పారబోయండి. నష్టమే, తెలుసు. రెండో గేదె పాలు నిశ్చింతగా పోసుకోవచ్చు, పాత్రలు కలవకుండా చూసుకుంటే చాలు.

ఇక జబ్బు సంగతి. ముందు ఒక కన్ను నీరు కారడం, తర్వాత పుసులు, నల్లగుడ్డు నడిమధ్య మచ్చ, వారం తిరక్కుండా పక్క పశువుకు అంటడం – ఈ వరస చూస్తే ఎక్కువగా మొరాక్సెల్లా బోవిస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే అంటు కళ్ళకలకలా ఉంది. ఈ బ్యాక్టీరియాకు ఒంటి నిండా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగుతో నల్లగుడ్డును పట్టుకుని, విషం వదిలి అక్కడి కణాలను చంపుతుంది. నున్నగా ఉన్న కంటి మీద అది అంత తేలిగ్గా నిలవలేదు, ముందు ఏదో ఒకటి గీకి ఉండాలి. మినప పొట్టు, దుమ్ము, మాఘం దాటాక ముదిరే ఎండ, మూడూ ఒకేసారి మీ గేదె మీద పడ్డాయి. ఆపైన ఈగలు. పుసి మీద వాలిన ఈగే పెయ్య కంటి మీద వాలుతుంది.

అయితే నేను చూడని కన్ను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. మందు వేసే ముందు కంట్లో ఏమైనా ఇరుక్కుని ఉందేమో చూడండి. కొన్నేళ్ళ కిందట కొల్లిపర వైపు ఒక గేదెను చూశాను. మూడు వారాలుగా మంచి ఆయింట్‌మెంటే వేస్తున్నారు, తప్పకుండా వేస్తున్నారు. తగ్గలేదు. ముక్కు దగ్గర, కంటి లోపలి మూలన పశువులకు మూడో రెప్ప ఒకటి ఉంటుంది. మత్తు చుక్కలు వేసి, టార్చిలైటు వెలుగులో దాన్ని ఎత్తి చూస్తే వెనకాల గోటిముక్కంత మినప పొట్టు నిలువుగా అతుక్కుని ఉంది. గేదె రెప్ప ఆడించినప్పుడల్లా అది నల్లగుడ్డును గీస్తూనే ఉంది. తీసేశాక అదే ఆయింట్‌మెంట్ వారంలో పనిచేసింది. మీరు నూర్పిడి మాట రాయగానే నాకు ఆ కన్నే గుర్తొచ్చింది. అదే టార్చి వెలుగులో సన్నటి తెల్లదారం లాంటిది మెలికలు తిరుగుతూ కనిపిస్తే అది కంటి పురుగు. దానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, పశువులకిచ్చే నట్టల మందు వేరే ఉంది. రెండు కళ్ళూ ఒకేసారి మసకబారి, పశువు విడిచి విడిచి జ్వరం పడుతూ చిక్కిపోతుంటే సర్రా జబ్బుకు రక్తపరీక్ష చేయించాలి. పచ్చిమేత మొహం చూడకుండా వట్టి వరిగడ్డి మీదే పెరిగే దూడలకు ఏ-విటమిన్ లోపంతోనూ కళ్ళు మబ్బుకమ్ముతాయి. ఇవేవీ ట్యూబుతో తగ్గవు.

పరీక్షలో అంటు కళ్ళకలకేనని తేలితే, పుండున్న కంటికి కూడా వెయ్యదగింది స్టెరాయిడ్ కలవని యాంటీబయాటిక్ కంటి ఆయింట్‌మెంట్. ఈ బ్యాక్టీరియా మీద టెట్రాసైక్లిన్ జాతి మందులు బాగా పనిచేస్తాయి. టెట్రాసైక్లిన్ అయితే 1 శాతం, సిప్రోఫ్లాక్సాసిన్ అయితే 0.3 శాతం ఆయింట్‌మెంట్లు దొరుకుతాయి. ఏది అన్నది కన్ను చూసిన డాక్టరే రాయాలి, పాలు ఎన్ని పూటలు ఆపాలో కూడా ఆయనే చెప్పాలి. కొనేటప్పుడు ట్యూబు మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, హైడ్రోకార్టిసోన్ – ఈ నాలుగింట్లో ఏ ఒక్క పేరున్నా తిరిగిచ్చేయండి. పుండ్లకు పూసే ఆయింట్‌మెంట్లు, పొదుగువాపుకు చన్నులోకి ఎక్కించే ట్యూబులు కంట్లో వెయ్యడం మన ఊళ్ళలో ఉంది. అది మానండి. ఆ ట్యూబులు కంటికి తయారుచేసినవి కావు, పైగా పొదుగువాపు ట్యూబులు కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది.

చుక్కల మందు వద్దా అని అడుగుతారు. మంచిదే, కానీ గేదె కన్ను ధారగా కారుతున్నప్పుడు చుక్కలు నిమిషాల్లో కొట్టుకుపోతాయి. రెండు మూడు గంటలకోసారి వెయ్యాలి, పొలం పనుల్లో ఉన్నవాళ్ళకు సాగదు. ఆయింట్‌మెంట్ జిడ్డుగా అంటుకుని నిలుస్తుంది. రోజుకు మూడు నాలుగు సార్లు సరిపోతుంది.

వేసే తీరు దగ్గరే ఎక్కువమంది తప్పుతున్నారు. మూసిన రెప్పల మీద, ఎండిన పుసుల మీద పులిమితే చుక్క కూడా లోపలికి పోదు. లీటరు నీళ్ళు మరగబెట్టి 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాకు చదునుగా ఒకటిన్నర, కలిపి చల్లార్చండి. దూది ముంచి రెప్పల మీద కాసేపు అద్ది పెడితే పుసులు నానుతాయి. ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి, మళ్ళీ కొత్త దూది. గేదెను గుంజకు పొట్టి పలుపుతో కట్టి, ఒకరు తల పక్కకు తిప్పి కదలకుండా పట్టుకోవాలి. మీరు కంటికి ఎదురుగా కాకుండా భుజం పక్క నిలబడి, చేతి మడమ దాని చెంపకు ఆనించండి. తల విసిరితే మీ చెయ్యీ దాంతోపాటే కదులుతుంది, ట్యూబు మూతి కంట్లో గుచ్చుకోదు. కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. అందులో అర అంగుళం చారలా మందు పిండండి. ట్యూబు మూతి రెప్పకు గానీ వెంట్రుకకు గానీ తగలకూడదు, తగిలితే ఆ ట్యూబే రేపు జబ్బు మోస్తుంది. రెప్ప మూసి మెల్లగా రెండుసార్లు నిమిరితే ఒంటి వేడికి మందు కరిగి గుడ్డంతా పరుచుకుంటుంది.

గేదెకు ఒక ట్యూబు, పెయ్యకు ఒక ట్యూబు. నాలుగు డబ్బులు మిగులుతాయని ఒకటే వాడకండి. బాగున్న రెండో గేదె పనులన్నీ ముందు చేసుకుని, జబ్బు పశువుల దగ్గరికి చివర వెళ్ళండి. వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడగండి.

ఎన్నాళ్ళు? కనీసం అయిదు నుంచి ఏడు రోజులు, నీరు కారడం ఆగాక కూడా ఇంకో రెండు రోజులు. మూడో రోజుకే కన్ను తెరిచిందని ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మళ్ళీ లేస్తుంది, ఈసారి అదే మందుకు లొంగకపోవచ్చు. ఈ రోజుల్లో మీరు ఒకటి చూసి భయపడతారు. నల్లగుడ్డు అంచుల నుంచి ఎర్రటి సన్ననాళాలు చెట్టువేర్లలా లోపలికి పాకుతాయి. జబ్బు ముదిరిందని మందు మార్చేవాళ్ళను చూశాను. అది ముదరడం కాదు, మానడం. ఆ నాళాలు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పుండు దాకా పాకి, దాన్ని పూడ్చి, తర్వాత వెలిసిపోతాయి. మధ్యలో చిన్న తెల్లమచ్చ కొన్ని నెలలు మిగలొచ్చు, కొన్నింటికి ఎప్పటికీ మిగులుతుంది. చూపు పెద్దగా తగ్గదు. ఆ మచ్చ పోవాలని ఇంకా ఇంకా మందు వెయ్యాల్సిన పని లేదు.

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. పొగాకు రసం ఊస్తే కన్ను మండి, నీరు బాగా కారి, చిన్న నలుసు ఏదైనా ఉంటే కొట్టుకొచ్చేది. తగ్గిందని పెద్దలు అనుకున్నది అందుకే అయి ఉంటుంది. ఇప్పుడు అక్కడ తెరిచిన పుండు ఉంది. పుండు మీద పొగాకు రసమైనా, సున్నమైనా, నత్తగుల్ల పొడైనా కాలిన గాయం మీద కారం చల్లడమే. నలుసు పోవడానికి పైన చెప్పిన ఉప్పునీళ్ళు చాలు.

మందు ఒక్కటే వేసి ఎండలో కట్టేస్తే సగం పనే అవుతుంది. పుండున్న కన్ను వెలుగు చూడలేదు. నీడన కట్టండి. పాత జీన్స్ ప్యాంటు గుడ్డ ముక్కను కంటి చుట్టూ వెంట్రుకలకు జిగురుతో అంటించి, కింది వైపు కొంచెం వదిలేస్తే ఎండా ఈగా రెండూ ఆగుతాయి, మందు వెయ్యడానికి చెయ్యీ పడుతుంది. జిగురు రెప్పకు తగలకూడదు. పేడదిబ్బను పాకకు దూరంగా మార్చండి. సాయంత్రం వేపాకు పొగ పెట్టే అలవాటుంటే ఈ పది రోజులు గాలివాటు చూసి దూరంగా పెట్టండి, పొగ కూడా ఈ కంటిని కోస్తుంది. పొట్టు, తవుడు పొడిగా కాకుండా నీళ్ళు చిలకరించి, గంపలో కాక నేలమట్టం తొట్టిలో పెట్టండి. పచ్చిమేత తప్పనిసరి. ఏదీ దొరక్కపోతే గట్టు మీద అవిశె కొమ్మలయినా విరిచి వెయ్యండి.

మీ పెయ్యకు ఇవాళ నీరు మాత్రమే కారుతోంది. పువ్వు వెయ్యకముందే మొదలుపెడితే ఈ ఆయింట్‌మెంట్ చాలా బాగా పనిచేసే దశ ఇది. దాన్ని ఆలస్యం చెయ్యకండి. గేదె సంగతి వేరు, స్టెరాయిడ్ పడింది కాబట్టి ట్యూబు ఒక్కదాన్నే నమ్ముకోలేం. డాక్టరు కన్ను చూసి ఇంజెక్షను కూడా అవసరమంటే చేయించండి. నల్లగుడ్డు మధ్యభాగం ముందుకు మొనదేలినా, జిగటగా ఏదైనా కారినా, మందు మొదలుపెట్టిన రెండు రోజులకు కూడా కన్ను తెరవకపోయినా 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, లేదా గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మూడో రెప్పను కొన్నాళ్ళు కుట్టి కంటిని కాపాడే పద్ధతి అక్కడ చేయగలరు.

ఈ వేళకు చెయ్యాల్సింది: పాత ట్యూబు పడెయ్యండి, పెయ్యను వేరే గుంజకు మార్చండి, డాక్టరుకు కబురు పెట్టండి. కొత్త ట్యూబు తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి, నెల దాటితే మిగిలినా వాడవద్దు. ఎనిమిదో రోజు పొద్దున, ఎండ ముదరకముందు, రెండు కళ్ళూ కనబడేలా ఫొటో తీసి పంపండి.