తట్టుకునే హైబ్రిడ్‌లోనూ పొద్దుతిరుగుడు మల్లె మొలిస్తే అది కొత్త తెగేనా?

మీరు అడిగినది ఇది: దక్షిణ స్పెయిన్‌లో మీరు పరీక్షిస్తున్న పొద్దుతిరుగుడు హైబ్రిడ్ సంచి మీద ‘ఎఫ్ తెగను తట్టుకుంటుంది’ అని ఉంది. అయినా చాళ్లలో ఒరోబాంకి కాడలు, అంటే పొద్దుతిరుగుడు వేళ్ల మీద బతికే పరాన్నజీవి మొక్క ‘పొద్దుతిరుగుడు మల్లె’ కాడలు, లేచాయి. తెగలంటే ఏ వంగడాన్ని లొంగదీసుకుంటాయన్న దాన్ని బట్టి ఈ మల్లెలోనే విడదీసిన రకాలు. ఇది కొత్త తెగా, జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుందా? రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. జన్యు పరీక్షతో ఆ మొక్క ఏ వంశానిదో తెలుస్తుంది కానీ ఏ హైబ్రిడ్‌ను లొంగదీసుకుంటుందో తెలియదు. అది కుండీల్లో పెంచి చూడవలసిందే.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే కుటుంబం. పొగాకు మల్లెను చేత్తో పీకుతూ పెరిగినవాణ్ణి. తర్వాత కొన్నేళ్లు దక్షిణ స్పెయిన్‌లోని గ్వాడల్‌క్వివిర్ లోయలో పొద్దుతిరుగుడు వంగడాల పరీక్షల్లో పనిచేశాను. మన పొగాకు మీద వచ్చేది ఒరోబాంకి సెర్నువా, అక్కడ పొద్దుతిరుగుడు మీద వచ్చేది ఒరోబాంకి క్యుమానా. దగ్గరి చుట్టాలే, ఒకప్పుడు కొందరు వృక్షశాస్త్రజ్ఞులు రెంటినీ ఒకే జాతి కింద లెక్కవేశారు కూడా. కానీ మొదటిది టమాటాకూ వంకాయకూ కూడా పట్టుకుంటుంది, రెండోది సాగు పంటల్లో దాదాపుగా పొద్దుతిరుగుడునే వెతుక్కుంటుంది. అడవిలో దాని అసలు ఆతిథేయి మాచిపత్రి కుటుంబంలోని ఆర్టెమీసియా మొక్కలు. అమెరికా నుంచి వచ్చిన పొద్దుతిరుగుడు 19వ శతాబ్దంలో రష్యాలో పెద్ద ఎత్తున సాగులోకి వచ్చాక దాని మీదికి మళ్లింది.

ఇక తెగల అక్షరాల సంగతి. 1980లో రొమేనియాలో వ్రాంచానూ బృందం ‘ఏ’ నుంచి ‘ఇ’ వరకు ఐదు తెగలను, వాటిని అడ్డుకునే ఓఆర్1 నుంచి ఓఆర్5 వరకు ఐదు జన్యువులను వరుసపెట్టింది. ఓఆర్5 ఉన్న మొక్కను కూడా దాటినదాన్ని ‘ఎఫ్’ అన్నారు. స్పెయిన్‌లో అది 1990ల మధ్యలో బయటపడింది. అంటే ఈ అక్షరం ఏ పొద్దుతిరుగుడు ఓడిపోయిందో చెబుతుందే తప్ప ఓడించినది ఎవరి బిడ్డో చెప్పదు. స్పెయిన్ ‘ఎఫ్’, రొమేనియా ‘ఎఫ్’ ఒకటేనన్న భరోసా కూడా లేదు. నన్నడిగితే, దేశం పేరు లేకుండా సంచి మీద ఒట్టి అక్షరం అచ్చువేయడమే తప్పు.

స్పెయిన్ ఉదాహరణ చూడండి, అక్కడ కథ రెండు రకాలుగా నడిచింది. ఈ మల్లె ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది, పరపరాగ సంపర్కం కొద్దిగానే. అందువల్ల గ్వాడల్‌క్వివిర్ లోయలో ఒక సమూహం, మధ్య స్పెయిన్‌లోని కువెంకా ప్రాంతంలో మరో సమూహం విడివిడిగా స్థిరపడ్డాయి. రెండూ తమలో తాము దాదాపు ఏకరూపమే, ఒకదానికొకటి మాత్రం బాగా వేరు. అంత తక్కువ వైవిధ్యంలోనే ‘ఎఫ్’ పుట్టుకొచ్చింది. ఒక జన్యువులో మార్పు చాలు, వంశమంతా మారనక్కరలేదు. కానీ 2016లో వెలువడిన అధ్యయనంలో, ‘ఎఫ్’ను తట్టుకునే హైబ్రిడ్లను దెబ్బతీసిన లోయ మల్లెలో జన్యు వైవిధ్యం పాతదానికన్నా ఎక్కువగా కనిపించింది. దాన్ని ‘జి’గా గుర్తించారు. కాబట్టి వైవిధ్యం తక్కువగా ఉందని ధీమాగా ఉండకూడదు, ఎక్కువగా కనిపిస్తే బయటి గింజ వచ్చి కలిసిందేమోనని అనుమానించాలి.

మీ పొలంలో ముందు చూడవలసింది వేరే ఉంది. కాడలు అన్ని మొక్కల కిందా ఉన్నాయా, అక్కడక్కడ ఒక్కో మొక్క కిందే ఉన్నాయా? అక్కడక్కడే ఉండి, ఆ మొక్కల ఎత్తో పూత సమయమో మిగతావాటికి భిన్నంగా ఉంటే, అది హైబ్రిడ్ విత్తనంలో కలిసిన కల్తీ. అలా కాక బాగా ఉన్న హైబ్రిడ్ మొక్కల కింద కూడా గుంపుగా ఉంటేనే మల్లెను శంకించండి.

గింజ సేకరించేటప్పుడు ప్రతి కాడ గింజనూ వేరే కవరులో పెట్టండి. అందరూ గుప్పెడుగా కలిపేస్తారు. అలా చేస్తే పాత తెగ గింజల మధ్య కొత్తది ఎంత ఉందో ఎప్పటికీ తెలియదు. గింజ ముక్కుపొడిలా ఉంటుంది, ఫ్యాను కింద పనిచేయకండి. దాన్ని కుండీ మట్టిలో కలిపి, తెగలను వేరుచేసే వంగడాల సమితినీ, ఏ నిరోధక శక్తీ లేని ఒక వంగడాన్నీ విత్తండి. తట్టుకోలేని ఆ వంగడం మీద కూడా మొలవకపోతే మీ పరీక్షే చెల్లదు, హైబ్రిడ్‌ను మెచ్చుకోకండి. కొన్ని వారాలాగి వేళ్లు మెల్లగా కడిగి చూడండి. వేరును అంటుకుని పసుపుపచ్చని బుడిపెలు కనిపిస్తాయి. కొన్ని నిరోధక వంగడాల్లో బుడిపె మొదలై, గోధుమరంగుకు తిరిగి చచ్చిపోతుంది. పైకి లేచిన కాడలను మాత్రమే లెక్కపెట్టే నివేదికలను నేను నమ్మనిది ఇందుకే. 2019లో వివరాలు బయటికొచ్చిన ఓఆర్7 జన్యువు కూడా పరాన్నజీవి పొద్దుతిరుగుడు వేరులోని నాళాలతో కలవకుండా ఆపుతుంది, అంటే పోరాటమంతా మట్టి కిందే.

మన ప్రాంతానికి వస్తుందా అని చివర్లో అడిగారు. మన దేశంలో పొద్దుతిరుగుడు వాణిజ్య సాగు 1972లో మొదలైంది పెరెడోవిక్ లాంటి రష్యన్ రకాలతోనే, ఈ మల్లెతో ముందుగా తలపడిన దేశం నుంచే. పరిశోధనకు తెచ్చే గింజ అయినా సరే క్వారంటైన్ తనిఖీ తప్పించుకోకూడదు. పొగాకు మల్లెను చూసి పొద్దుతిరుగుడు మల్లె వచ్చేసిందని మాత్రం ప్రచారం చేయకండి.

ఫలితం తేలేవరకు ఆ మడిలో లేచిన కాడలను గింజ కట్టకముందే పీకి కాల్చేయండి, నమూనాకు కావలసినవి మాత్రం సంచి కట్టి ఉంచండి. ఒక్క కాడే లక్షకు పైగా గింజ రాల్చగలదు, అది భూమిలో ఇరవై ఏళ్ల దాకా బతికి ఉండగలదు. కోత యంత్రాన్ని ఆ మడిలోకి అన్నిటికన్నా చివర పంపి, బయటికొచ్చాక గాలితో శుభ్రం చేయించండి.