అమ్మాయి చిలుక కావాలంటోంది, అత్తయ్యకు ఉబ్బసం

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, అపార్ట్‌మెంట్. పైఅంతస్తు ఖాళీ చేసినవాళ్లు ఆఫ్రికన్ గ్రే చిలుకను వదిలేసి పోతే, పక్షుల్ని సాకే ఒకాయన తీసుకెళ్లి ఉంచారు. పన్నెండేళ్లదట. ఛాతీ మీద ఈకలన్నీ పీక్కుని బోసిగా ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి తెచ్చుకుందామని ఒకటే ఏడుపు. మావారు ససేమిరా అంటున్నారు. అత్తయ్యగారికి ఉబ్బసం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు తేలాల్సింది అత్తయ్యగారి సంగతి. గ్రే చిలుక ఒంటి నుంచి పౌడరు లాంటి తెల్లటి పొడి రోజూ రాలుతూనే ఉంటుంది. నిమిరితే వేళ్లకు అంటుతుంది, టీవీ తెర మీద పేరుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. ఆవిడను చూసే డాక్టరుని అడగండి. ఊరికే పక్షి అనకుండా, ఈ పొడి సంగతి విడమరిచి చెప్పండి. ఆయన వద్దంటే అక్కడితో ఆగిపోండి. ఆ మాట అమ్మాయికి డాక్టరు నోటే వినిపించండి. నానమ్మ వల్లే చిలుక రాలేదన్న మాట ఇంట్లో ఏళ్ల తరబడి మిగిలిపోకూడదు.

డాక్టరు సరే అంటే కాగితాలు చూడండి. అదే మన రామచిలుకైతే ఈ ఆలోచనే అక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచడమే నేరం, అటవీ శాఖకు అప్పగించాలి. గ్రే విదేశీ జాతి కాబట్టి పెంచుకోవచ్చు. కాకపోతే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి, చేతులు మారినప్పుడు అదీ నమోదు చేయాలి. ఆ కాగితం లేకుండా పంజరం మీ గుమ్మం దాటనివ్వకండి.

ఇక మీవారు కాదంటున్నారన్నారు. ఆయన మాటకు నేను ఎక్కువ విలువిస్తాను. గ్రే చిలుక నలభై, యాభై ఏళ్లు బతకగలదు. అమ్మాయి మరో రెండు మూడేళ్లలో ఇంటర్ అంటూ ఏ హాస్టల్‌కో వెళ్తుంది. అప్పుడు పొద్దున్నే ట్రేలో కాగితం మార్చేది, నీళ్లగిన్నె కడిగేది మీరిద్దరే. ఆయన భయం దేనికో అడగండి: తెల్లవారుజామున, పొద్దుగూకేవేళ అది పెట్టే అరుపులకా, ఊరెళ్లాలంటే ఇబ్బందనా, డబ్బుకా? వాదించకండి, వినండి.

ఈకలు పీక్కోవడానికి ఒంటరితనం, తోచకపోవడం ఒక కారణం. ఏళ్లపాటు పొద్దుతిరుగుడు గింజలే తినడం వల్ల విటమిన్ ఎ, కాల్షియం తగ్గడం మరొకటి. లోపలి జబ్బూ కావచ్చు. గన్నవరం వెటర్నరీ కాలేజీలోనో, పక్షుల్ని చూసే వేరే డాక్టరు దగ్గరో ముందుగా చూపించమనండి. కుదుళ్లు దెబ్బతింటే ఈకలు మళ్లీ రాకపోవచ్చు. ప్రేమగా చూసుకుంటే అదే మానేస్తుందన్న ఆశతో మాత్రం తెచ్చుకోకండి.

ఇంటి సంగతి ఇంకా కష్టం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ చిలుకను నిమిషాల్లో చంపేస్తుంది. మనకు వాసన తెలిసేలోపే అది కూర్చునే కర్ర మీంచి కింద పడి ఉంటుంది. ఎండుమిరప పోపు ఘాటు, ఆవకాయకు కారం కొట్టే రోజులు, అగరుబత్తి, దోమల కాయిల్ కూడా దాని ఊపిరికి పడవు. గుంటూరు ఇంట్లో ఇవన్నీ మానడం ఎంత తేలికో మీకే తెలుసు! నాన్‌స్టిక్ గిన్నెలు పూర్తిగా తీసేయాలి, పంజరం వంటింటికి దూరంగా ఉండాలి. వెడల్పు మూడడుగులు, లోతు రెండడుగులు, ఎత్తు నాలుగడుగులకు తగ్గకూడదు. జింక్ పూత తీగతో చేసినది వద్దు, కొరికితే విషం. బయటికి వదిలినప్పుడు ఫ్యాను ఆపాల్సిందే, మే నెలలోనైనా.

ఇవన్నీ కుదిరేలా ఉంటే, రెండు వారాలు పక్షుల్ని సాకే ఆయన ఇంటికే వెళ్లండి, పొద్దున ఆరున్నరకొకసారి, సాయంత్రం ఆరుకొకసారి. మీవారు కూడా రావాలి. అమ్మాయి చేత ట్రే కడిగించండి, క్యారెట్, మునగాకు తరిగించి పెట్టించండి. చిలుకను వంటింటి త్రాసు మీద తూచి రాయించండి. మామూలుగా 400 నుంచి 500 గ్రాములుంటుంది, పదోవంతు తగ్గితే డాక్టరుకు చూపించాలి. ఒకసారి గట్టిగా కరిపించుకున్నాక కూడా అమ్మాయి మర్నాడు వస్తుందేమో చూడండి.

ఆ తర్వాత తెచ్చుకున్నా, ఒక నెల తిరిగి ఇచ్చేసే వీలు ఉంచమని అడగండి. పక్షుల్ని సాకేవాళ్లు అలాంటి మాటకు నొచ్చుకోరు. కుదరలేదంటే ఆదివారాలు అమ్మాయిని అక్కడికి పంపండి. వెళ్లేటప్పుడు పురుగుమందు కొట్టని చెట్టు నుంచి రెండు జామకొమ్మలు కడిగి తీసుకెళ్లమనండి. కొరుక్కోవడానికి ఏదో ఒకటి దొరికితే అది ఈకల జోలికి కాస్త తక్కువ పోతుంది.