చార్జి నడిస్తే చాలదు, కుదుపు తగలాలి

ప్రశ్న: నిలబడ్డ ఆవేశం (చార్జి) చుట్టూ విద్యుత్ క్షేత్రం, అది కదిలితే తోడుగా అయస్కాంత క్షేత్రం, త్వరణం పొందితేనే విద్యుదయస్కాంత తరంగం... ఇంటర్‌లో ఇలా బట్టీ పట్టాను. ఇప్పుడు డిగ్రీలో మాక్స్‌వెల్ సమీకరణాలూ చేస్తున్నాను. కానీ త్వరణానికే ఆ ప్రత్యేకత ఎందుకో తలకెక్కలేదు. లెక్కలు లేకుండా చెప్పగలరా?
- డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: చెప్పొచ్చు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ 20వ శతాబ్దం మొదట్లోనే దీన్ని ఒక బొమ్మ గీసి వివరించాడు, మన పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మ ఎందుకు వేయరో నాకు అర్థం కాదు.

కాగితం మీద ఒక చుక్క పెట్టి, దాన్నుంచి అన్ని వైపులకూ తిన్నని గీతలు గీయండి. చుక్క ఆవేశం, గీతలు దాని బలరేఖలు, అంటే దాని విద్యుత్ క్షేత్రం ఏ దిశలో ఉందో చూపేవి. ఇప్పుడు ఆ ఆవేశానికి ఒక్క కుదుపు (అదే త్వరణం) ఇచ్చాం, అక్కణ్నుంచి అది ఒకే వేగంతో పోతోంది అనుకుందాం. ఈ సంగతి దూరంగా ఉన్న చోటికి తక్షణం తెలియదు, సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున మాత్రమే పాకుతుంది. అంటే సెకనులో పది లక్షలో వంతు గడిచాక 300 మీటర్ల లోపలున్న గీతలన్నీ ఆవేశం ఇప్పుడున్న చోటి నుంచి బయల్దేరినట్టు ఉంటాయి, 300 మీటర్లు దాటాక మాత్రం అది ఇంకా పాత చోటే ఉన్నట్టు! ఖాళీ ప్రదేశంలో బలరేఖ మధ్యలో తెగకూడదు కాబట్టి లోపలి గీత, బయటి గీత ఎలాగోలా కలవాలి, కలవాలంటే మధ్యలో ఒక పల్చటి పొరలో అడ్డంగా వంగక తప్పదు. ఆ వంకరే తరంగం. కాంతి వేగంతో బయటికి పోతూనే ఉంటుంది, దాని వెంట అయస్కాంత క్షేత్రమూ పోతుంది.

అసలు మజా ఇక్కడుంది. కుదుపు ఎంతసేపు సాగిందో అంతసేపట్లో కాంతి ఎంత దూరం వెళ్తుందో అదే ఆ పొర మందం, అది ఇక మారదు. ఆవేశం మాత్రం పోతూనే ఉంది కాబట్టి పాత చోటుకీ కొత్త చోటుకీ ఎడం పెరుగుతూ ఉంటుంది, దాంతో గీత ఇంకా ఇంకా అడ్డంగా సాగాలి. మామూలు క్షేత్రం దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుందని మీకు తెలుసు. అడ్డం వంపు అదే సమయంలో రెట్టింపవుతుంది కాబట్టి తరంగంలోని క్షేత్రం సగానికి మాత్రమే తగ్గుతుంది. దూరం పోయేకొద్దీ మామూలు క్షేత్రం లెక్కలోకి రాకుండా పోయి తరంగమే మిగులుతుంది. 15 కోట్ల కిలోమీటర్ల నుంచి ఎండ మనదాకా వస్తోందంటే ఈ తేడా వల్లే.

మరి ఒకే వేగంతో ఎప్పటినుంచో పోతున్న ఆవేశం సంగతి? దాని గీతల్లో అతకాల్సిన పాత, కొత్త ముక్కలే ఉండవు. దానితో పాటే అదే వేగంతో వెళ్లి చూస్తే అది నిలబడే ఉంటుంది, నిలబడ్డదాని నుంచి తరంగం రాదు కదా.

ఇంకొకటి. వేగం పెరగకుండా దిశ మారినా అది త్వరణమే. ఇందోర్‌లోని రాజా రామన్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్‌లో ఇండస్-2 అనే యంత్రం ఉంది. సుమారు 172 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో తిప్పుతారు, మలుపు తిరిగే చోటల్లా అవి ఎక్స్‌రేలు చిమ్ముతాయి. ఆ ఎక్స్‌రేలతోనే అక్కడ పరిశోధనలు చేస్తారు.

ప్రశ్న: మబ్బు పట్టిన రోజు మెరుపు ఇంకా కనిపించకముందే మా షాపులో ఏఎం రేడియో గరగరలాడుతుంది. ఎఫ్ఎం పెడితే ఏమీ ఉండదు. రేడియో పాడైందా?
- టైలర్, కదిరి

జవాబు: రేడియో బ్రహ్మాండంగా ఉంది, పిడుగును పట్టుకుంటోంది అంతే. పిడుగులో వేల ఆంపియర్ల కరెంటు సెకనులో లక్షో వంతు కూడా పట్టకుండా ఎగసిపడుతుంది. పై జవాబులో చెప్పిన కుదుపు ఇదే, కాకపోతే లెక్కపెట్టలేనన్ని ఎలక్ట్రాన్లకు ఒకేసారి. అంత హఠాత్తు కుదుపుకి ఒక్క పౌనఃపున్యం (తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) అంటూ ఉండదు, కిలోహెర్ట్జ్‌ల నుంచి పైదాకా అన్నీ కలిసి వస్తాయి, కాబట్టి మీరు 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం వింటున్నా అందులోకీ కొంత చొరబడుతుంది. ఎక్కడో కొండల అవతల, మీకు కనిపించనంత దూరంలో పడ్డ పిడుగైనా సరే. ఏఎం రేడియో తరంగం ఎత్తులో వచ్చే తేడానే శబ్దంగా మారుస్తుంది, పిడుగు కూడా ఎత్తునే పెంచేస్తుంది కాబట్టి గరగర. ఎఫ్ఎం ఆ ఎత్తును పట్టించుకోదు, పైగా అది పనిచేసే 100 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో పిడుగు బలం చాలా తక్కువ.

షాపులోనే చేసి చూడండి: ఏఎంలో స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, రేడియో దగ్గర గ్యాస్ స్టవ్ లైటర్ నొక్కండి (స్టవ్ దగ్గర కాదు!). నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా స్పీకర్లో చిటుక్కుమంటుంది. 1887లో జర్మనీలోని కార్ల్స్‌రూలో హైన్రిచ్ హెర్ట్జ్ చేసిందీ దాదాపు ఇదే, ఒక చోట నిప్పురవ్వ పుట్టించి, గదిలో దూరంగా పెట్టిన తీగచుట్ట సందులో ఇంకో చిన్న రవ్వ చూశాడు. ఈ తరంగాలు ఉండాలని 1865లో లెక్క కట్టి చెప్పిన మాక్స్‌వెల్ అప్పటికే, 1879లో, పోయాడు.

ప్రశ్న: మా పొలం మీదుగా హైటెన్షన్ లైన్లు పోతాయి. వాటిలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూఇటూ ఊగుతుంది కాబట్టి అవీ రేడియో స్టేషన్‌లా తరంగాలు వదలాలి కదా, భయపడాలా?
- రైతు, జమ్మికుంట

జవాబు: వదులుతాయి గానీ నామమాత్రంగా. 50 హెర్ట్జ్ తరంగం ఒక్కటి 6,000 కిలోమీటర్ల పొడవు, దాన్ని బాగా వదలాలంటే యాంటెన్నా వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉండాలి. 738 కిలోహెర్ట్జ్‌కి తరంగం 406 మీటర్లే, అందుకే వంద మీటర్ల టవరు సరిపోతుంది. దానికి తోడు మీ లైన్లో మూడు ఫేజులు పక్కపక్కనే వెళ్తాయి, మూడింటి కరెంటు మొత్తం ఏ క్షణంలోనైనా దాదాపు సున్నా, కాబట్టి ఒకదాని తరంగాన్ని మిగతావి కొట్టేస్తాయి.

దగ్గరగా ఉండే క్షేత్రం మాత్రం నిజమే. పెద్ద లైన్ల కింద రాత్రిపూట ట్యూబ్‌లైటు పట్టుకుంటే మసకగా వెలుగుతుంది, అది తరంగం కాదు, తీగల చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం పని. మీరు ప్రయత్నించకండి. భయపడాల్సింది తరంగాలకు కాదు, ఆ లైన్ల కింద ఇనుప పైపులు నిలబెట్టి ఎత్తడానికి. అక్కడ రేడియో బర్రుమంటే అది 50 హెర్ట్జ్ వల్ల కాదు, తీగ చుట్టూ గాలిలోకి కరెంటు చిమ్మడం వల్లో, పగిలిన పింగాణీ దగ్గర రవ్వలు ఎగరడం వల్లో. ఎప్పుడూ లేనిది ఒకే స్తంభం దగ్గర అలా వస్తుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పండి.